హీలియానికి ఆ తోక ఎలా వచ్చింది?

విద్యార్థులారా! మా ఖమ్మం ప్రాంతపు ఊళ్ల పేర్లు కొన్ని చదవండి: ఖానాపురం, దుమ్ముగూడెం, కొత్తగూడెం, భద్రాచలం. మీరు ఆ ఊళ్లు చూడకపోయినా పేరు చివరి ముక్క కొంత సంగతి చెబుతుంది. పురం అంటే ఊరు, గూడెం అంటే చిన్న పల్లె, అచలం అంటే కొండ. మరి ఈనాటి కొత్తగూడెం చిన్న పల్లెయేనా? సింగరేణి బొగ్గు గనుల ప్రధాన కార్యాలయం ఉన్న పట్టణం అది. 2016 నుంచి జిల్లా కేంద్రం కూడా. పేరు పెట్టిన నాటి సంగతి పేరులో అలాగే నిలిచిపోయింది.

మీరు తరగతిలో బట్టీపట్టే మూలకాల పేర్లూ ఇలాంటివే. సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, హీలియం... అన్నిటి చివరా 'ఇయం' అనే తోక ఉంది. ఈ తోక ఏమిటో ఒక్క మాట చెప్పకుండా పేరు, సంకేతం, సంయోజకత అప్పగించమనడం అన్యాయమని నా అభిప్రాయం. సిలబస్ పూర్తి చేయటానికే వ్యవధి చాలదని నా తోటి ఉపాధ్యాయులు కొందరంటారు. రెండు నిమిషాలు చాలు. అర్థం తెలియని పేరును పదిసార్లు వ్రాయించడానికి పట్టే కాలం అంతకన్న ఎక్కువ.

లాటిన్ భాషలో నపుంసక లింగ పదాలు చాలావాటికి చివర 'ఉమ్' వస్తుంది. ఇనుము ఫెర్రుమ్, బంగారం ఆరుమ్, రాగి కుప్రుమ్. ఇది మనకు కొత్త కాదు. లాటిన్, సంస్కృతం ఒకే మూలభాష నుంచి చీలిన భాషలు. సంస్కృతంలో దానమ్, లాటిన్‌లో దోనుమ్. ఎద్దుల మెడమీది కాడి సంస్కృతంలో యుగమ్, లాటిన్‌లో యుగుమ్! మనం పుస్తకము, దానము అని 'ము' చేర్చి పలికే మాటలకు ఆ లాటిన్ మాటలు దూరపు చుట్టాలు.

1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో పొటాష్ నుంచి ఒక లోహాన్ని, సోడా నుంచి మరొక లోహాన్ని వేరుచేశాడు. పాత లోహాల పేర్ల పద్ధతిలోనే వాటికి పొటాషియం, సోడియం అని పేర్లు పెట్టాడు. పొటాష్ అంటే కుండలో తీసిన బూడిద సారం. మా ఏజెన్సీలో పోడు కొట్టి కాల్చిన చెట్ల బూడిదలో ఉండేదీ అదే. సబ్బు రాకముందు మన పల్లెల్లో బట్టలుతకడానికి వాడిన చవుడు మట్టిలో ఉన్నది సోడా. సోడియం సంకేతంలో 'ఎస్' లేకుండా 'ఎన్.ఏ.' ఎందుకు వచ్చిందని మీలో చాలామంది సణుగుతుంటారు. సోడాకు పాత పేరు నేట్రాన్, దాని లోహం నేట్రియం. అలాగే బూడిదకు సంబంధించిన అరబ్బీ మాట నుంచి కాలియం, దాని నుంచి పొటాషియం సంకేతం 'కె'. ఇంగ్లీషువారు పేర్లు ఒక దారిన, సంకేతాలు మరో దారిన తీసుకున్నారు. చిక్కు వారిది, దెబ్బలు మీకు!

డేవీ తరువాత కొత్త లోహానికి 'ఇయం' చేర్చడం వాడుక అయింది. అక్కడే ఒక చిత్రం జరిగింది. అది మన తెలుగు గడ్డతో ముడిపడినది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, బందరులో మద్రాసు నక్షత్రశాలకు చెందిన పాగ్సన్ వర్ణపటదర్శినులతో సిద్ధంగా ఉన్నారు. నల్లని సూర్యబింబం అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలు కనిపించాయి. అందులో ఒకటి పసుపు గీత. సోడియం గీతకు దగ్గరగా ఉండటంతో అది సోడియందే కావచ్చని చూసినవారిలో పలువురు అనుకున్నారు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూసి, దాని స్థానం సోడియం గీతల స్థానం కాదని తేల్చాడు. భూమి మీద ఎవరూ ఎరుగని ఆ మూలకానికి గ్రీకుల సూర్యుడు హీలియోస్ పేరు పెట్టారు. లోహమై ఉంటుందన్న ఊహతో చివర 'ఇయం' తగిలించారు.

1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి హీలియాన్ని రాబట్టాడు. చూస్తే అది వాయువు! దాని బంధువులు ఆర్గాన్, నియాన్, క్రిప్టాన్, జినాన్ అన్నీ 'ఆన్'తో ముగుస్తాయి. లెక్క ప్రకారం ఇది హీలియాన్ కావాలి. 2016లో 118వ మూలకానికి ఒగనెస్సాన్ అని పేరు పెట్టినప్పుడు ఆ వరుసకు తగినట్లు 'ఆన్' చేర్చారు. హీలియాన్ని మాత్రం కదపలేదు. కదపకపోవడమే మంచిదంటాను. ఆ తోక చూసినప్పుడల్లా వస్తువు చేతికి రాకముందే పేరు పెట్టారన్న సంగతి గుర్తుకొస్తుంది.

కనుక 'ఇయం' కనిపించగానే లోహమని వ్రాసేయకండి. ఆడిటోరియం, అక్వేరియం అన్నచోట అది స్థలాన్ని సూచిస్తుంది. మన నేరేడు చెట్టు శాస్త్రీయ నామం సిజీజియం క్యుమిని. అందులోని మొదటి మాటకు జతకూడినది అని అర్థం, దాని వేరు కాడి అనే గ్రీకు మాట. నేరేడు కొమ్మ చూడండి, ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. ఇక టెల్లూరియంలో తెలుగేమీ లేదు. అది భూమికి లాటిన్ పేరైన టెల్లుస్ నుంచి వచ్చింది.

ఆ టెల్లూరియాన్ని పోలిన ఒక మూలకం 1817లో బెర్జీలియస్‌కు దొరికింది. భూమి పేరున్న దానికి తోడు గనుక, చంద్రుడి గ్రీకు పేరు సెలీనీ మీదుగా సెలీనియం అన్నాడు. ఆవర్తన పట్టికలో అది ఎక్కడుందో వెతకండి. గంధకానికి సరిగ్గా క్రింద గడిలో ఉంటుంది. అదీ లోహం కాదు.