మోడెమ్‌లో లొసుగు.. మరమ్మతు ఎవరి వంతు?

2023 మార్చిలో గూగుల్‌కు చెందిన ప్రాజెక్ట్ జీరో బృందం ఫోన్ వాడేవారికి ఒక సలహా ఇచ్చింది: అప్‌డేట్ వచ్చేదాకా వైఫై కాలింగ్, వోల్టీ (4జీ మీదుగా సాగే కాల్) ఆపేసి ఉంచండి. శాంసంగ్ ఎక్సినోస్ మోడెమ్‌లలో 18 లొసుగులు బయటపడ్డాయి మరి. వాటిలో నాలుగు మరీ దారుణం. దాడి చేసేవాడికి మన ఫోన్ నంబరు తెలిస్తే చాలు. మనం లింకు నొక్కక్కర్లేదు, కాల్ ఎత్తక్కర్లేదు, ఇంటర్నెట్ మీదుగానే మోడెమ్ వాడి చేతికి చిక్కుతుంది. మరమ్మతుకు ఇచ్చిన గడువు తీరగానే గుట్టు విప్పేసే ఆ బృందం కూడా ఈ నాలుగింటి వివరాలు అప్పటికి దాచిపెట్టింది.

మన దగ్గర ఆ సలహా పాటించడం అయ్యే పనేనా? జియోకు 2జీ, 3జీ లేవు. 4జీలో మాట నడిచేదే వోల్టీ మీద. ఆ లొసుగులున్న ఫోన్ల జాబితాలో చూస్తే గెలాక్సీ ఎం12, ఎం33 వంటి, ఇక్కడివాళ్లు కొనే ఫోన్లే ఉన్నాయి.

మోడెమ్ అంటే ఫోన్‌లో విడిగా పనిచేసే మరో కంప్యూటర్. ప్రాసెసర్ దానిదే, సాఫ్ట్‌వేర్ దానిదే. టవర్ పేరుతో వచ్చిన సందేశాల్లో కొన్నిటినైతే, పంపింది ఎవరో తేల్చుకోకముందే విప్పి చదవాలి. లోపలి కోడ్ కంపెనీ గుట్టు. యాంటీవైరస్ యాప్‌కు అక్కడ ప్రవేశం లేదు. వైఫై చిప్‌దీ ఇదే కథ. బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లోకి గాలిలోంచే చొరబడి, అక్కణ్ణుంచి ఫోన్ ప్రధాన ప్రాసెసర్ దాకా పోవచ్చని 2017లో ప్రాజెక్ట్ జీరో పరిశోధకుడు గాల్ బెనియామిని నిరూపించారు. కంప్యూటర్లలో ఏళ్లుగా ఉన్న మామూలు రక్షణలు ఆ చిప్‌లో లేవు. ఐఫోన్లూ గెలాక్సీలూ అదే కంపెనీ చిప్‌లు వాడేవి కాబట్టి రెండూ ఒకే గోతిలో పడ్డాయి.

లొసుగుల కన్నా కలవరపెట్టేది మరమ్మతు నడిచే దారి. దిద్దుబాటు చిప్ కంపెనీ రాస్తుంది. ఫోన్ కంపెనీ దాన్ని ఒక్కో మోడల్‌కు అమర్చి, పరీక్షించి పంపాలి. కొత్త మోడల్ అమ్ముకునే తొందరలో ఉన్న కంపెనీకి మూడేళ్ల కిందటి చౌక ఫోన్ గుర్తుంటుందా? 2023 డిసెంబరులో సింగపూర్ పరిశోధకులు క్వాల్‌కామ్, మీడియాటెక్ 5జీ మోడెమ్‌ల లొసుగులు వెల్లడిస్తూ 714 మోడళ్లు వాటి బారిన పడ్డాయని లెక్కగట్టారు. దొంగ టవర్‌తో 5జీని తెగ్గొట్టే రకం అవి, ఎక్సినోస్ లొసుగులంత ప్రమాదం కాదు. అయినా అన్ని మోడళ్లకూ అప్‌డేట్ అందాలి కదా!

కట్టుదిట్టం చేయడం చేతకాక కాదు. పిక్సెల్ 9లోని మోడెమ్‌కు కంప్యూటర్లలో ఉండేలాంటి రక్షణలు చేర్చామని గూగుల్ 2024లో చెప్పుకుంది. ఆ మోడెమూ శాంసంగ్‌దే. కాకపోతే 2024లో విడుదలైనప్పుడు ఆ ఫోన్ ధర ఇక్కడ 79,999 రూపాయలు. మోడల్ అమ్మకాలు ఆగాక కూడా కనీసం 5 ఏళ్లు అప్‌డేట్లు అందాలని ఐరోపా సమాఖ్య 2025 జూన్ నుంచి నిబంధన తెచ్చింది. మన దగ్గరి ఫోన్ పెట్టెల మీద మెగాపిక్సెళ్లు కనిపిస్తాయి, అప్‌డేట్లు ఎప్పుడు ఆగుతాయో కనిపించదు. ఇక్కడ అమ్మే ప్రతి ఫోన్‌కూ భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు ఎలాగూ తప్పనిసరి. ఆ తేదీ ముద్రించడాన్ని అందులో షరతుగా చేర్చవచ్చు.