ముసురు రోజు హగరి ఒడ్డున

మన కాలనీల్లో రిటైరైన వాళ్లు చాలామంది చేపలకు పోతారు. ఇంట్లో కూర్చుంటే పొద్దు పోదు. నేనూ అంతే. జత దొరికితే జతగా, లేకుంటే ఒంటిగా. పోయిన నెల అల్పపీడనం అని రెండు రోజులు ముసురు పట్టింది కదా, ఆ రోజు ఒంటిగానే పోయినా. ఆ సంగతి రాస్తా ఉండేది ఎందుకంటే, దాంట్లో మనలాంటోళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది.

మనలాంటోళ్లు అంటే చెవులు సరిగా వినపడనోళ్లు. ముప్పై నాలుగేండ్లు రింగ్ ఫ్రేముల నడుమ సైడరుగా నిలబడినా. ఆ హోరులో చేతి సైగలతోనే మాట్లాడుకుంటిమి. ఇప్పుడు మా ఆమె రెండు మూడు సార్లు పిలిస్తే గాని తిరిగి చూడను. ఏరు వచ్చేటప్పుడు దూరం నుంచే హోరు వినపడుతుందని పెద్దలు చెప్తారు. నాకు ఆ హోరు వినపడేసరికి నీళ్లు కాళ్ల కింద ఉంటాయి.

హగరి అంటే వేదవతే. బాబాబుడన్ కొండల్లో పుట్టి, చిత్రదుర్గం జిల్లా దాటి, అనంతపురం జిల్లా భైరవానితిప్ప డ్యాం మీదుగా మన జిల్లాకు వచ్చి, సిరుగుప్ప తాలూకాలో తుంగభద్రలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. అందుకే పిల్లోళ్లకు దాని మీద భయం లేదు. మనకు చినుకు లేకపోయినా పైన రాయదుర్గం దిక్కు గట్టిగా కురిస్తే చాలు, ఏరు వస్తుంది. తుంగభద్ర అయితే డ్యాం గేట్లను బట్టి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఒత్తిడి తగ్గించేదానికి మిగతా గేట్లు కూడా ఎత్తినారు. కింద ఒడ్డున గాలం వేసుకున్నోడికి ఆకాశం చూస్తే ఆ సంగతి తెలుస్తుందా?

ఆ పొద్దున తొలి బస్సుకే మోకా చేరినా. వెదురు కర్ర, డబ్బాలో ఎర్రలు, తలమీదికి ఎరువుల సంచి, గుడ్డలో రెండు జొన్న రొట్టెలు, గురెళ్ల పొడి. ఏటి దగ్గర నేను మొదట వేసేది గాలం కాదు. నీటి అంచున ఇసుకలో ఒక పుల్ల గుచ్చుతా. కూర్చునేది కూడా ఊరి దిక్కు ఒడ్డునే. నడిమి దిబ్బ మీద చేపలు బాగా పడతాయి, నిజమే. అయినా పోను. దారిలో ఇసుక తోడిన గుంతలున్నాయి. బురద నీళ్లలో అవి కనపడవు. ఒక అడుగు మోకాలి లోతు, ఇంకో అడుగు తల మునిగే లోతు.

ముసురులో వెలుతురు తక్కువ, జెల్లలు పగలే మేతకు తిరుగుతాయి. గాలికి బెండు ఊగుతా ఉంటే చూసి ఏం తెలుస్తుంది? దారాన్ని వేళ్ల నడుమ పెట్టుకుంటా. నూలు సన్నమో ముతకో వేలితో చెప్పిన చెయ్యి ఇది. పరిగె అయితే ఉత్త వణుకు, జెల్ల అయితే టక్ టక్ అని రెండు దెబ్బలు. పదింటికల్లా నాలుగు జెల్లలు పడినాయి. వీపున ఒకటి, రెక్కల కాడ రెండు, జెల్లకు ముళ్లుంటాయి. తడిగుడ్డ చుట్టి పట్టకపోతే సాయంత్రం దాకా చెయ్యి సలుపుతుంది.

పదకొండుకు చూస్తే పుల్ల నాలుగు వేళ్లు మునిగింది. నా మీద పడేది సన్న తుంపరే. నీళ్లకు ఎర్రరంగు తిరిగింది. మోకా చుట్టూ నల్లరేగడి, ఎర్రనీళ్లంటే పైనుంచి వచ్చినట్లే. నురగ, కందికట్టె, పేడ తేలుకుంటా వస్తున్నాయి. సరిగ్గా అప్పుడే దారం గుంజింది. వాలుగ! కర్ర వంగిన తీరు చూస్తే మూడు కిలోలకు తక్కువ లేదు. కొత్తనీటికి పెద్ద చేప కదులుతుంది, మనిషికి ఆశ పుట్టేదీ అప్పుడే. దాన్ని అలసగొట్టి ఒడ్డుకు తెచ్చేదానికి పావుగంటైనా పడుతుంది. పుల్ల ఇంకో వేలు మునిగింది. బ్లేడుతో దారం కోసి గట్టెక్కినా. టీ అంగడి కాడ నిలబడి చూస్తా ఉంటే ముక్కాలు గంటలో నేను కూర్చున్న చోటు లేదు, దిబ్బా లేదు.

వాలుగ పోయిందని బాధ ఉంది, లేదని చెప్పను. అయినా మా ఆమెకు నాలుగు జెల్లలు చాలు, నేను తిరిగి రాకుంటే చాలదు.

అన్నల్లారా, ఒంటిగా పోయేవాళ్లు ఏ ఒడ్డుకు పోయేది, ఏ బస్సుకు వచ్చేది ఇంట్లో చెప్పి పోండి. ఉరుము వస్తే తడి కర్ర కింద పెట్టి దూరం జరగండి, ఒంటిచెట్టు కిందికి పోవద్దు. ఇంట్లో పిల్లోళ్లకు గాలం కట్టేదానికన్నా ముందు పుల్ల గుచ్చేది నేర్పండి. పుల్లను చూసేదానికి చెవులతో పని లేదు.

జెల్లల పులుసు సంగతి కొందరు అడుగుతా ఉన్నారు. మా ఆమెను అడిగి వచ్చే నెల రాస్తా.