గ్రాంట్ వుడ్ పొలాల్లో అప్పు ఎక్కడ?

అమెరికా చిత్రకారుడు గ్రాంట్ వుడ్ పేరెత్తితే మన మిత్రులు రెండుగా చీలిపోతారు. ఒకరికి ఆయన పల్లె ప్రజల చిత్రకారుడు. మరొకరు, 1940లలో కళాచరిత్రకారుడు జాన్సన్ చేసినట్టు, ఆ చిత్రాలను నాజీ కళ పక్కన నిలబెడతారు. రెండో మాట కోపంలో పుట్టింది; చిత్రాన్ని చూసే శ్రమ తప్పిస్తుంది. మొదటిది అంతకంటె ప్రమాదం.

1930 నాటి ‘స్టోన్ సిటీ’ చూడండి. గుండ్రని కొండలు, బంతుల్లాంటి చెట్లు, బొమ్మలకొలువులో పేర్చినట్టున్న ఇళ్లు. చూడగానే పెదవిమీద నవ్వు మెదులుతుంది. నాకూ మెదిలింది, దాచుకోను. కాని అయోవా రాష్ట్రంలోని ఆ ఊరు సున్నపురాతి గనులమీద బతికిన ఊరు. సిమెంటు వచ్చి ఆ రాతికి గిరాకీ పడిపోయాక ఊరు చితికింది. పని పోయిన మనిషి మాత్రం చిత్రంలో కనబడడు.

1932లో అయోవా రైతు మొక్కజొన్నను అమ్మలేక పొయ్యిలో కాల్చుకున్నాడు. ఆ ఆగస్టులో మైలో రెనో నాయకత్వాన రైతులు సూసిటీ దారులు కట్టేసి పాలు నేలపాలు చేశారు. జప్తు వేలాలకు గుంపుగా పోయి, పైసల పాట పాడి, కొన్న సరుకును తిరిగి రైతుకే ఇచ్చేశారు. 1933 ఏప్రిల్‌లో లెమార్స్‌లో జప్తులు ఆపనన్న జడ్జిని కోర్టునుంచి ఈడ్చుకుపోయి మెడకు ఉరితాడు తగిలించారు. ఆ జిల్లాలో సైనిక శాసనం వచ్చింది. సరిగ్గా ఆ రెండు వేసవుల్లోనూ వుడ్ అదే స్టోన్ సిటీలో చిత్రకారుల శిబిరం నడిపాడు!

చిత్రకారుడు పత్రికా విలేఖరి కాడంటారా? ఒప్పుకుంటాను. వ్యంగ్యం ఆయన స్వభావం కాదంటే మాత్రం ఒప్పుకోను. 1932లోనే ‘డాటర్స్ ఆఫ్ రివల్యూషన్’లో, పూర్వుల విప్లవాన్ని టీకప్పులో కలుపుకు తాగే ముగ్గురు కులీన వృద్ధస్త్రీలను చెరిగిపెట్టాడు. కలం పదునైనదే. అది బ్యాంకు గడప తొక్కలేదు, అంతే. 1935లో ఆయన పేరుతో వెలువడిన కరపత్రం శీర్షిక ‘నగరంమీద తిరుగుబాటు’. నగరపు కళమీద తిరుగుబాటు; నగరపు వడ్డీమీద కాదు.

కన్ను లేనివాడూ కాదు. 1934 నాటి ‘డిన్నర్ ఫర్ థ్రెషర్స్’లో నూర్పిడి కూలీలు భోజనానికి కూర్చున్నారు. ముఖాలు ఎండకు కమిలి ఎర్రబడ్డాయి. టోపీ నీడన ఉన్న నుదుళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. శ్రమను ఇంత దగ్గరగా చూసినవాడు ఆ ఇంటి కొట్టంమీద వేసిన సంవత్సరం 1892. ఆయన పుట్టిన మరుసటి ఏడు! జప్తుల కాలపు రైతుకు తన బాల్యాన్ని కానుకగా ఇచ్చాడు.

1936 నాటి ‘స్ప్రింగ్ టర్నింగ్’లో గుట్టలు దుప్పటి పరచినట్టు నున్నగా ఉన్నాయి. గుర్రాలతో దున్నే మనిషి చీమంత. ముఖం లేదు. ఆ పొలం అతనిదో, బ్యాంకుదో, భీమా కంపెనీదో అడగడానికి కూడా ఆ దూరంనుంచి వీలుపడదు.