కోచ్‌కి మెయిల్ నాన్న రాయకూడదు

మన సాకేత్ మైనేని డేవిస్ కప్ ఆడకముందు అమెరికాలో అలబామా యూనివర్సిటీ జట్టుకు టెన్నిస్ ఆడాడు. ఆ దారి పట్టాలనుకునే పిల్లలు ఇక్కడా ఉన్నారు, అమెరికాలోని తెలుగిళ్లలోనూ ఉన్నారు. మీ తమ్ముడో చెల్లెలో వాళ్లలో ఒకరైతే ఇది వినిపించండి. ఉద్యోగాలకు మెయిళ్లు కొడుతున్న మీకూ పనికొస్తుంది.

హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోచ్‌లకు ఈమెయిల్ రాసి పరిచయం చేసుకోవడం అక్కడ మామూలే. "డియర్ కోచ్" అంటూ ఒకే మెయిల్‌ను వంద కాలేజీలకు పంపితే మాత్రం పంపనట్టే లెక్క. టెన్నిస్ అంటే ఎంత ప్రాణమో కోచ్‌కి అక్కర్లేదు. సబ్జెక్ట్ లైన్‌లోనే పేరు, హైస్కూల్ పూర్తయ్యే ఏడాది, ఆట స్థాయిని చెప్పే యూటీఆర్ రేటింగ్ కనిపించాలి. లోపల మార్కులు, వీడియో లింక్, రాబోయే టోర్నమెంట్ల తేదీలు. వీడియోలో గెలిచిన షాట్లే ఏరి పెడితే ఏం తెలుస్తుంది? పూర్తి పాయింట్లు పెట్టాలి, ఓడినవి కూడా. ఆ తర్వాత, ఆ కాలేజీకి మాత్రమే రాయగలిగిన ఒక్క వాక్యం. జట్టు జాబితా వెబ్‌సైట్‌లోనే ఉంటుంది కదా! వచ్చే ఏడాది ఎంతమంది సీనియర్లు వెళ్లిపోతున్నారో చూసి రాస్తే, ఇంటిపని చేసి వచ్చాడని కోచ్‌కి అర్థమవుతుంది.

జవాబు రాలేదని కుంగిపోయే ముందు ఒక రూల్ తెలియాలి. టెన్నిస్ సహా చాలా ఆటల్లో డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 వరకు విద్యార్థికి రిక్రూట్‌మెంట్ గురించి రాయకూడదు. అంతకుముందు మహా అయితే క్యాంప్ వివరాలో, నింపమని ఒక ఫారమో వస్తుంది. విద్యార్థి మాత్రం ఎప్పుడైనా రాయొచ్చు. ఇక డివిజన్ 3 కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్పే ఉండదు. అక్కడ డబ్బు సంగతి అడిగేటప్పుడు చదువు మీద వచ్చే సాయం గురించే అడగాలి.

మన ఇళ్లలో అసలు చిక్కు వేరే. మెయిల్ నాన్నగారు రాస్తారు, లేదంటే డబ్బు తీసుకుని ఏజెన్సీ రాస్తుంది. కోచ్ నాలుగేళ్లు వేగాల్సింది ఆ పిల్లాడితో. ఫోన్‌లో మాట్లాడాల్సిందీ వాడే. ఇంగ్లిష్ కాస్త తడబడినా వాడి మెయిల్ వాడే రాయాలి, వాడి ఐడీ నుంచే వెళ్లాలి. నాన్నగారు అక్షర దోషాలు చూసిపెడితే చాలు.

రెండు నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతే "నా మెయిల్ చూశారా" అని అడగొద్దు. కొత్త రేటింగో, ఈమధ్య గెలిచిన మ్యాచ్ స్కోరో ఉన్నప్పుడు, పాత మెయిల్ కిందే మూడు లైన్లు రాసి పంపండి.