రేవుపట్టణమున నేర్చిన సహకార పాఠము

మన సంఘపు సర్వసభ్య సమావేశము ముగిసిన పిమ్మట నొక వృద్ధ సభ్యుడు నన్ను ప్రక్కకు పిలిచి, "డిమాన్‌స్ట్రేటరుగారూ, తమరు జపాను వెళ్లి చేపలరేవు చూచివచ్చితిరట. మేము మెట్టసేద్యము చేసుకొనువారము. సముద్రముతో మాకేమి పని?" అని యడిగెను. ప్రశ్న న్యాయమైనదే. నేను కాపురముండు బేగంపేట నుండి సముద్రమును చూడవలెనన్న ఒక రాత్రి ప్రయాణము. అయినను ఆ రేవులో నేను చూచినది చేపలను గాదు, సంఘమును. అందుచేత నా సమాధానమును సభ్యులందరి యెదుట నుంచుచున్నాను.

సహకారమునకును జపాను చేపలరేవులకును గల సంబంధము నేను కల్పించినది కాదు. కోస్తా ఆంధ్రము మదరాసు రాజధానిలో చేరియున్న కాలమున ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారి ఐరోపాలోని రైతుల పరపతి సంఘములను గూర్చి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక వ్రాసెను. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టమునకు దారితీసిన వానిలో నది ముఖ్యమైనది. ఆ నికల్సనే తరువాత మదరాసు మత్స్యశాఖకు ఆద్యుడై, జపాను వెళ్లి, అచ్చటి మత్స్యపరిశ్రమను గూర్చి 1907లో ఒక నివేదికను ప్రకటించెను. రైతునకు సంఘమేల యని యాలోచించిన బుద్ధియే బెస్తవాని రేవునకును పోయినది. మన హైదరాబాదు నుండియు 1922లో విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ జపాను వెళ్లి, అచ్చటి విద్యావిధానమును గూర్చి గ్రంథము వ్రాసెను. కనుక నా ప్రయాణము క్రొత్తదారి కాదు. పెద్దలు నడచిన దారియే.

నేను చూచిన ఊరు కెసెన్నుమ. అది జపాను ఈశాన్యతీరమున మియాగి మండలములో నున్న రేవుపట్టణము. టోక్యో నుండి వడిగల రైలులో ఇచినోసెకి దాక పోయి, అచ్చట చిన్న రైలెక్కి కొండల నడుమ సాగి ఆ యూరు చేరవలెను. మిషను పాఠశాలలో మాకు భూగోళము చెప్పిన పంతులుగారు గోడపటము మీద కఱ్ఱతో చూపి, "వీరికి పొలము తక్కువ, సముద్రమే పొలము" అనెడివారు. కొండ సముద్రమును తాకుచుండుటయు, నడుమ నున్న కొంచెపు నేలలో ఊరు ఇమిడియుండుటయు కన్నులార చూచిన నాడు ఆ మాట యర్థమైనది.

ఆ రేవున చేపల అమ్మకమును నడపునది మత్స్యకారుల సహకార సంఘము. చూడవచ్చినవారికై మీద నొక వసారా కట్టియున్నారు. తెల్లవారకమునుపే నేను అచ్చట నిలిచితిని. ఓడలు వచ్చెను, చేపలు దిగెను, జాతివారీగా, పరిమాణము వారీగా వేరుపడెను, తూకమైనది. కొనువారు పలువురు చూచి ధరకు పోటీపడిరి. సంఘము తన రుసుమును పట్టుకొని మిగిలిన సొమ్మును పట్టినవానికి జమకట్టును. ఎవని చేప యెంత తూగినదో, ఏ ధర పలికినదో దాపరికము లేదు. ఒక్క విషయము నా మనస్సున నాటినది: పట్టినవాడు కొనువాని యింటికి పోవుట లేదు, కొనువాడే పట్టినవాని సంఘము వాకిటికి వచ్చుచున్నాడు.

ఆ యూరు కట్సువో అను చేపకు ప్రసిద్ధి. దానిని గాలముతో ఒక్కొక్కటిగా పట్టుదురు. పట్టు ఓడలలో పెక్కు దూరదేశములైన కోచి, మియాజాకి, మియె మండలములవి. అవి తమ రేవులను విడిచి ఇచ్చటికేల రావలెను? ఇచ్చట మంచుగడ్డ దొరకును, ఎరకు కావలసిన బ్రతికియున్న చిన్నచేపలు దొరకును, ఎంత సరకు దింపినను కొనువారుందురు. తూకము నమ్మదగినదై, సౌకర్యములు సిద్ధముగా నున్నయెడల పరాయి ఊరి సరకు కూడ నడచివచ్చునని దీనివలన తెలియుచున్నది.

2011 మార్చి 11న భూకంపమును, వెనువెంటనే సముద్రపు ఉప్పెనయు ఆ యూరిని ముంచెను. వేయిమందికి పైగా మరణించిరి. నూనె తొట్లు పగిలి అఖాతములో మంటలు లేచెను. ఓడలు ఊరిలోనికి కొట్టుకొనివచ్చెను, రేవునేల క్రుంగెను. అట్టిచోట అదే సంవత్సరము జూను మాసములో చేపల అమ్మకము మరల మొదలయ్యెను. కట్సువో కాలము వచ్చుచుండగా, ఆ కాలము తప్పినచో దూరపు ఓడలు వేరు రేవు చూచుకొనునని వారెరుగుదురు. మన దివిసీమ 1977 నవంబరులో ఎట్టి యుప్పెనను చూచెనో పెద్దలకు జ్ఞాపకమే. ఆపద వచ్చినపుడు ఒంటివాడు అప్పు వెదకును. సంఘము గలవాడు పని వెదకును.

ఇక మా యూరి సంగతి చెప్పవలెను. నా చిన్ననాట మా యూర నొక సంఘముండెను. అది విత్తనమునకు, ఎరువునకు అప్పిచ్చెడిది. ఒక సంవత్సరము సభ్యులందరును మిరపకాయలను సంఘము ద్వారా అమ్ముదమని తీర్మానించి చేవ్రాళ్లు చేసిరి. కాయ కోతకు వచ్చిన వారమున నొక వ్యాపారి వచ్చి సంఘము చెప్పిన ధరకన్న బస్తాకు 20 రూపాయలు ఎక్కువ యిత్తుననెను. మొదట ఇద్దరు, తరువాత పదిమంది, చివరకు నా తండ్రియు ఆయనకే యమ్మిరి. సంఘము తెచ్చిన గోనెసంచులు ఖాళీగానే మిగిలెను. మరుసటి సంవత్సరము సంఘము అమ్మకమునకు పూనుకొనలేదు. ఆ వ్యాపారియే వచ్చెను. ఈ మారు ధర ఆయన చెప్పినదే. ఆ యేడు మా యింట అక్క పెండ్లి ఆగిపోయెను. నా తండ్రి వ్యాపారిని తిట్టలేదు. "20 రూపాయలకు మన కాటాను మనమే అమ్ముకొంటిమిరా" అని మాత్రమనెను.

సోదర రైతులారా, నా యభిప్రాయము ఇదియే. అప్పు మాత్రమిచ్చు సంఘము సగము సంఘము. అప్పు సంఘమునుండి, అమ్మకము అడ్తిదారునకు అన్నంతకాలము సంఘము మన పెట్టుబడిని మోయును, లాభమును మరియొకడు మోసికొనిపోవును. అడ్తిదారు దుష్టుడని నేననను. ఆయన అర్ధరాత్రియైనను తలుపు తీయును; పెండ్లికి, వైద్యమునకు కాగితము లేకుండ సొమ్మిచ్చును. కాని ఆ సొమ్మునకు వడ్డీ కాగితము మీద కనబడదు. కాటా మీదను, ధర మీదను కనబడును. మన తీరపు రేవులలో కూడ పెట్టుబడి యిచ్చిన వ్యాపారికే చేపను పోయవలసివచ్చు బెస్తవాడు గలడు. వలవాడైనను నాగలివాడైనను ముందుగా పుచ్చుకొన్న సొమ్మే మెడత్రాడు.

"సంఘము తక్కువ ధర యిచ్చిన రోజున మేమేల నష్టపడవలెను?" అని కొందరందురు. ఒక్క రోజు ధరను చూచిన ఆ మాట నిజమే. కాని వ్యాపారి ఎక్కువ ధర యిచ్చినది సంఘమున్నదను భయముచేతనే గదా. సంఘము పోయిన నాడు ఆ భయమును పోవును. కనుక ఆ 20 రూపాయలు మనకు సంఘము సంపాదించి యిచ్చినవే. వానికై సంఘమును విడుచుట పాడియావు నమ్మి దుత్త కొనుటవంటిది.

ఆ తీరమున చూచిన రెండవ సంగతి కట్టుబాటు. జపానులో 1901 నాటి చట్టమే తీరగ్రామముల సంఘములకు తమ యెదుటి జలములపై హక్కు నిచ్చినది. 1948, 1949 సంవత్సరముల చట్టములు ఆ హక్కును సహకార సంఘములకు స్థిరపరచినవి. రాళ్లను పట్టియుండు అవాబి యను నత్తను ఏ దినమున తీయవలెనో సంఘము నిర్ణయించును. 9 సెంటీమీటర్లకు తక్కువైన చిప్పను మరల నీటిలో విడువవలెను. మన యూళ్లలోను చెరువు చేపలపై హక్కు మత్స్యకారుల సహకార సంఘములకు గలదు. కాని తూము క్రింది రైతునకును, చెరువులోని బెస్తకును నీటి విషయమై తగవు వచ్చినపుడు ఇరువురును కూర్చుండి మాటలాడు తావు ఎన్ని యూళ్లలో నున్నది?

ఆ యూరి వాడగు హతాకెయామ షిగెయత్సు అను ఆల్చిప్పల పెంపకందారు సముద్రము చెడుటకు కారణము నది యెగువన గలదని తలచి, 1989 నుండి తోటివారితో కొండలెక్కి చెట్లు నాటింపసాగెను. 2012లో ఐక్యరాజ్యసమితి ఆయనను అటవీ వీరుడని గౌరవించినది. 2025లో ఆయన మరణించెను. పొలములో మనము జల్లిన మందు మన గట్టు దగ్గర ఆగదు. కాలువ దిగి చెరువునకు పోవును. దిగువవాడు ఎగువకు వచ్చి చెట్టు నాటగా, ఎగువనున్న మనము మందు కొలత చూచుకొనుట యంత కష్టమా?

జపాను రేవులు స్వర్గములని భ్రమపడవద్దు. యువకులు పట్టణములకు పోవుచున్నారు. ఆ దేశమున చేపల పట్టు వృత్తిలో 2018లో సుమారు 1,51,000 మంది యుండగా, 2023 నాటికి సుమారు 1,21,000 మందియే మిగిలిరి. కొన్ని జాతుల చేపలును తగ్గినవి. సంఘము చేపను పుట్టింపలేదు, కుఱ్ఱవానిని కట్టివేయలేదు. ఉన్న చేపకు న్యాయమైన ధర తెచ్చుట మాత్రమే దాని శక్తి. మనకును అంతకన్న నెక్కువ ఆశ అక్కరలేదు.

కావున రాబోవు కోతలకు మూడు పనులు సభ్యుల ముందుంచుచున్నాను. మొదటిది, ఒక్క పంటను మాత్రమెంచుకొని ప్రతి సభ్యుడును తన దిగుబడిలో నాలుగవ వంతు సంఘము ద్వారా అమ్ముదునని వ్రాతమూలముగా నొప్పుకొనవలెను. రెండవది, తూకమును, ధరను, సంఘపు రుసుమును అదే దినమున పలకమీద వ్రాసి అందరికిని కనబడునట్లు వ్రేలాడదీయవలెను. మూడవది, పెండ్లి, వైద్యము వంటి యవసరములకు సంఘమే చిన్న యప్పును ఒక్కరోజులో నిచ్చు ఏర్పాటు చేసికొనవలెను. ఈ మూడవది లేనిచో మొదటి రెండును నిలువవు. రైతు అర్ధరాత్రి తట్టిన తలుపునకే తెల్లవారి బస్తాను మోయును.

ఎఱ్ఱగడ్డ రైతుబజారునకు కూరగాయలు తెచ్చుకొను మన సభ్యులు కొందరు తమ సరకును తామే తూచి యమ్ముచున్నారు. బుట్టెడు వంకాయలకు చేతనైన పని బండెడు ధాన్యమునకు చేతకాదా? వచ్చు సమావేశమున ఈ సంగతిని చర్చకు పెట్టవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాను. ఒప్పుకొనని సభ్యులు కూడ వచ్చి తమ కారణములను చెప్పుదురుగాక. సముద్రముతో మాకేమి పని యని యడిగిన ఆ వృద్ధుడు ముందు వరుసలో కూర్చుండవలెనని నా ప్రత్యేక మనవి.