వేషధర్మము

హైదరాబాదు నగరమునకు పశ్చిమదిశన, మాదాపూరులో, సైబర్ టవర్సు అను గుండ్రని భవనము 1998వ సంవత్సరమున నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి చేతులమీదుగా ప్రారంభింపబడినది. ఒకనాడు బండరాళ్ళును తుప్పలును నిండియుండిన ఆ పరిసరములలో నేడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ అను పేర్లతో అద్దాల మేడలు బారులు తీరి నిలిచియున్నవి. అమెరికావారి పగలు మనకు రాత్రి గనుక, ఆ మేడలలో పనిచేయు యువకులలో పెక్కురకు నిద్రవేళలు, భోజనవేళలు తారుమారైనవి. అట్టి యువకు నొకనిని ఊహింపుడు. పని ముగించుకొని అద్దెయింటికి చేరి, తలుపు మూసికొని, తెర వెలిగించి, చేత కంట్రోలరు పట్టుకొనును. మరునిమిషమున అతడు న్యూయార్కు మేడల నడుమ సాలెపోగు ఆధారముగా ఊగుచుండును. ఊరినుండి వచ్చిన తండ్రి ఇది చూచినచో, "ఇంత చదువు చదివి ఈ పిల్లల ఆట లేమిరా?" అని నొచ్చుకొనును. తండ్రి ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అయినను అతడు ఆడు తీరును కొంతసేపు చూచిన పిదపనే జవాబు చెప్పుట న్యాయము.

స్పైడర్‌మాన్ అను సాహసవీరుడు 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో అనువారి చేతులలో అమెరికా బొమ్మల కథలయందు పుట్టెను. అతని కథతో ఇన్సామ్నియాక్ అను కాలిఫోర్నియా సంస్థ 2018లో ఒక వీడియో గేమును వెలువరించినది. ఇందు పందెము లేదు, పైకము గెలుచుట లేదు. తెలంగాణ ప్రభుత్వము 2017లో నిషేధించిన ఆన్‌లైన్ జూదమునకును దీనికిని సంబంధము లేదు. ఇది కథ, చదువరికి మారుగా ఆడువాడే దానిని నడిపించును.

ఇట్టి కథను రెండు తీరుల ఆడవచ్చును. మొదటివాడు గెలుపుకొరకు ఆడును. శత్రువు కనబడిన కొట్టును, బహుమానము దొరికిన ఏరుకొనును, మాటలు వచ్చినచో దాటవేయును. రెండవవాడు వేషము కట్టినట్లు ఆడును. "ఈ ఆట నన్నేమి చేయనిచ్చును?" అని గాక, "ఈ వీరుడే ఇచట నున్నచో ఏమి చేయును?" అని తన్ను తాను ప్రశ్నించుకొనును. అతడు అప్పుడప్పుడు మేడలపైనుండి దిగి జనుల నడుమ నడచును. పలుకరించువారికి చేయి యూపును. ప్రధానకథ తరుముచున్నను, దారిలో ఎవడో ఒకని దోచుకొనుచున్నట్లు తెలిసినచో ఆగును. శవయాత్ర జరిగిన ఘట్టము వెంటనే రంగురంగుల వింత దుస్తులు తొడుగడు. తొడిగినను ఆట కాదనదు, చూచి నవ్వువాడును లేడు. అయినను తొడుగడు.

ఈ నిగ్రహము తెలుగువారికి క్రొత్త కాదు. హైటెక్ సిటీకి కొలది మైళ్ళ దూరముననే, లింగంపల్లివద్ద, సురభి కాలనీ యున్నది. అందు నాటకమే జీవనముగా గల కుటుంబములు నివసించుచున్నవి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధను ప్రదర్శించినది మొదలు తరతరములుగా ఆ కుటుంబములు మాయాబజారు వంటి నాటకములను ఆడుచునే యున్నవి. ఇచటి బిడ్డకు నడక నేర్చునాటికే రంగస్థలము పరిచయమగును. స్థానం నరసింహారావుగారు పురుషుడై యుండియు సత్యభామగా నడచిన నడకకు ప్రేక్షకులు ముగ్ధులైరి. 1956లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారి భామవేషమును అట్టిదే. వీరందరికిని ఒకటే నియమము: రంగముమీద నున్నంతసేపు పాత్రకు తగనిది చేయరాదు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమునందు క్షేమేంద్రుడు ఔచిత్యమనుపేర ఒక గ్రంథమే వ్రాసెను. ఔచిత్యము తప్పినచోట రసము నిలువదని ఆలంకారికుల మతము. అద్దెగదిలో ఒంటరిగా ఆడు యువకుడు ఈ గ్రంథముల పేరైన వినియుండడు. కాని శవయాత్రపిదప వింతదుస్తులు విడిచినపుడు అతడు పాటించినది ఆ ఔచిత్యమునే.

భేదము లేకపోలేదు. నటునికి ఎదుట ప్రేక్షకు లుందురు. తాళము తప్పిన హార్మోనియమువాడు కన్నెఱ్ఱజేయును, పద్యము చెడినచో వెనుకవరుస ఈలవేయును. ఆటగానికి ఆ భయము లేదు. చూచువారు లేని చోటను పాత్రను కాపాడుకొనుట ఒకందుకు మెచ్చదగినదే. మరియొకందుకు లోపము. తప్పు చెప్పువాడు లేనిచోట తనకు నచ్చినదే పాత్రోచితమని భ్రమించుట సులభము.

2009లో ఇన్‌ఫేమస్ అను మరియొక ఆట వచ్చినది. అందలి కథానాయకునకు విద్యుచ్ఛక్తి అబ్బును. అతడు మంచివాడగుటయో చెడ్డవాడగుటయో ఆడువాని చేతిలోనే యున్నది. ఆ లెక్కకు అమెరికావారు పెట్టిన పేరు కర్మ! మన మాట ఎచటెచటికి పోయినదో చూడుడు. విపత్తులో చిక్కిన నగరమునకు ఆకాశమునుండి ఆహారము జారవిడువబడును. జనులను తినిమ్మని విడువవచ్చును, లేదా వారిని తరిమి తనకును తనవారికిని దాచుకొనవచ్చును. వీధిలో పడియున్న క్షతగాత్రుని తన శక్తితో బ్రదికింపవచ్చును, లేదా వాని ప్రాణమును పీల్చి తన శక్తి పెంచుకొనవచ్చును.

దుర్మార్గుని దారిలో ఒకమారు ఆడిచూచిన యువకుని దుర్మార్గుడనుట పొరపాటు. దుర్యోధన వేషము కట్టినవానిని ఎవరును కురురాజని నిందింపరు గదా. చింతింపవలసినది మరియొకనిగూర్చి. ఆ ఆటలో మంచి పనులకు కొన్ని క్రొత్త శక్తులు లభించును. ఆ శక్తులకొరకే క్షతగాత్రులను వెదకివెదకి బ్రదికించువా డొకడున్నాడు. చూచుటకు పరోపకారియే, నిజమునకు ఖాతాపుస్తకము వ్రాయు గుమాస్తా. స్పైడర్‌మాన్ ఆటలోను దొంగల నడ్డగించినచో గుర్తులు చేరును, వానితో క్రొత్త దుస్తులు కొనవచ్చును. గుర్తులు చాలిన పిమ్మట వీధిలో కేక వినబడినను ఆగనివాడు వేషము కట్టినవాడు కాడు. ఇద్దరు చేసిన పనియు ఒక్కటే, నొక్కిన మీటలును అవే. భేదమంతయు లోపల నున్నది గనుక పైనుండి చూచు తండ్రికి అది కానరాదు.

ఆట చివరి ఘట్టమును చూడుడు. నగరమంతట వ్యాధి వ్యాపించినది. మందు కొంచెమే చిక్కినది. వీరుని పెంచి పెద్దచేసిన పెద్దమ్మ మే మరణశయ్యపై నున్నది. ఆమెకు ఆ మందిచ్చినచో ఆమె బ్రదుకును. కాని నగరమునకు సరిపడు మందు తయారుచేయుటకు మచ్చుతునక మిగులదు. ఇచట ఆట ఆడువానికి నిర్ణయాధికార మీయదు. వీరుడు కన్నీటితో చేయి వెనుకకు తీసికొనును. మాటలన్నియు దాటవేయుచు వచ్చినవానికి ఇది యొక చిన్న చలనచిత్రము. ఇరువది ముప్పది గంటలు ఆ వేషమున నిలిచినవానికి అట్లు కాదు. ఆ నిర్ణయము తానే చేసినట్లు గుండె బరువెక్కును. కథకు ఈ శక్తి యున్నంతవరకు దానిని పిల్లల ఆట యనుట సరికాదు.

ఇక తండ్రి పక్షమున చెప్పవలసినదియు గట్టిదే. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించి, 2022 నుండి అమలునకు తెచ్చిన రోగముల పట్టికలో ఆటల వ్యసనము ఒక రుగ్మతగా చేర్చబడినది. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, హాని కలుగుచున్నను మానలేకపోవుట దాని లక్షణములు. సాధారణముగా ఇవి పండ్రెండు నెలలపాటు కానవచ్చినచో రుగ్మతగా నెంచుదురు. వేషధారణమునకు సమయము మరింత పట్టును గనుక ఈ రెండవ ఆటగాడు మరింత జాగరూకుడై యుండవలెను.

అంతకంటెను గట్టి ఆక్షేపణ మొకటి యున్నది. రాత్రి వేళ గచ్చిబౌలి రహదారిమీద మోటారుసైకిలు జారి ఒకడు పడియున్నాడనుకొందము. కారు లొకదానివెంట నొకటి ప్రక్కకు తప్పుకొని పోవుచున్నవి. పోలీసులు సాక్ష్యమడుగుదురను భయము పూర్వము జనులను వెనుకకు లాగెడిది. 2016లో సుప్రీంకోర్టు ఆదరించువారికి రక్షణ కల్పించు నియమములను ఆమోదించినది. 2019లో మోటారు వాహనముల చట్టమున 134ఏ అను విభాగము చేరినది. సద్బుద్ధితో సాయపడినవానిపై కేసు లేదు, పేరైనను చెప్పనవసరము లేదు. భయమునకు కారణము తొలగినది. కారులు మాత్రము సాగిపోవుచునే యున్నవి. ఆ కారులలో ఒకదానియందు మన యువకు డున్నచో ఆగునా?

ఆట అతనిని ఆపునని చెప్పుట సాహసము. ఆటలో రక్తపు మరక సీటుకు అంటదు, ఆఫీసుకు ఆలస్యము కాదు, ఆసుపత్రి వరండాలో తెల్లవారుదాక కూర్చుండ పని లేదు. మనుజుని వెనుకకు లాగు చిల్లర అడ్డంకులన్నిటిని ఆట ముందే తుడిచివేసినది. పైగా రాత్రి నలువురను కాపాడితినను తృప్తి, పగటి పనికి మారుగా నిలుచు ప్రమాదమును గలదు. కాని ఇంతమాత్రము చెప్పవచ్చును: ముఖ్యకార్యము విడిచి దారిలో ఆగుటను వేషము కట్టినవాడు రాత్రి రాత్రికి ఊహించి చూచుచున్నాడు. గుర్తులు లెక్కించువాడు ఆ ఊహనైన ఎరుగడు.

సురభి నాటకము ముగిసిన తరువాత మంగళము పాడుదురు. తెర దిగును. ఘటోత్కచుడు మీసము తీసి, రంగు తుడిచికొని, తక్కినవారితో కలిసి తెరలు మడత పెట్టును. వీడియో గేమునకు మంగళము లేదు. ఒక ఘట్టము ముగియకమునుపే మరియొకటి పిలుచును. కావున ఆ యువకుడు తెర తానే దింపుకొనవలెను. తెలివిగలవారు ఒక అధ్యాయము ముగిసినచోట గుర్తు పెట్టి, కంట్రోలరు ప్రక్కన పెట్టి, కిటికీ తెరచెదరు. క్రింద గేటువద్ద కాపలావాడు కునికిపాట్లు పడుచుండును. రాయదుర్గము వైపునుండి రాత్రి పని ముగించుకొన్నవారి క్యాబులు వచ్చుచుండును.