కవర్లో ఉన్నంతే ఖర్చు

ఎలీషాకు మొరపెట్టుకున్న ఆ విధవరాలి భర్త దైవభక్తుడే, ప్రవక్తల శిష్యుల్లో ఒకడు. అయినా అతను చనిపోయాక ఇంట్లో మిగిలినవి కాస్త నూనె, బోలెడు అప్పు. అప్పిచ్చినవాడు ఆమె కొడుకులిద్దర్నీ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు (2 రాజులు 4:1-7). పెద్దల అప్పుకు పిల్లలు మూల్యం చెల్లించాల్సి వస్తుందని బైబిల్ దాచలేదు.

ఇప్పుడు అప్పు గుమ్మం దాకా రానక్కర్లేదు, జేబులోనే ఉంటుంది. 2016లో యూపీఐ మొదలైంది, ఇప్పుడు టీకొట్లోనూ నోటు తీయడం తగ్గింది. అది పాపమేమీ కాదు. కానీ చేతిలో నోట్లు తరుగుతుంటే కలిగే జంకు స్కాన్ చేసేటప్పుడు కలగదు. క్రెడిట్ కార్డయితే మనది కాని డబ్బునూ మనదే అనిపిస్తుంది. డిసెంబరులో కార్డు మీద పండుగ బట్టలు కొని ఈస్టర్ దాకా వాయిదాలు కట్టే విశ్వాసులు మన సంఘాల్లో లేరా?

జీతం రాగానే నగదు తెచ్చి బియ్యానికి, పాలకు, కూరగాయలకు, ఛార్జీలకు వేర్వేరు కవర్లు పెట్టుకోవడం పాత పద్ధతే. అద్దె, ఫీజులు బ్యాంకు నుంచి కట్టినా ఫర్వాలేదు. కూరగాయల కవరు ఖాళీ అయితే నెలాఖరు దాకా పప్పుచారే! క్రిస్మస్ బట్టల కవరు జనవరిలోనే తెరవాలి.

అయితే ఈ లెక్క ఇంట్లో ఒక్కరికే తెలిస్తే నిలవదు. ఆ తల్లి తలుపు మూసుకుని నూనె పోస్తుంటే పాత్రలు అందించింది కొడుకులే. మన పిల్లల ముందే కవర్లు పరుద్దాం. నూనె అమ్మాక ఎలీషా ఆమెకు ముందు చెప్పింది బాకీ తీర్చమనే, ఇల్లు గడవడం ఆ తర్వాతే. దేవుని భాగం తీశాక మొదటి కవరు పాత అప్పుదే.